పాలియోలోగోస్ వంశపు నాణేలు ఇంత అరుదుగా ఎందుకు దొరుకుతాయి?

పాతనాణెం:

అందరికీ నమస్కారం. తూర్పు రోమన్ సామ్రాజ్యపు నాణేలను, అంటే మనం బైజాంటైన్ నాణేలని పిలుచుకొనే వాటిని, కొన్నేళ్లుగా సేకరిస్తున్నాను. మొదటి శతాబ్దాల విషయంలో నాకు పెద్ద ఇబ్బంది రాలేదు. ఒక వైపు పెద్ద ‘ఎం’ అక్షరమూ దాని పక్కనే పాలనా సంవత్సరమూ ఉండే జస్టీనియన్ కాలపు రాగి ఫాలిస్‌లు ఏ వేలం జాబితా తెరిచినా పదుల కొద్దీ కనిపిస్తాయి. హెరాక్లియస్ తన కొడుకుతో కలిసి ఉన్న బంగారు సాలిడస్ కూడా, ధర సంగతి ఎలా ఉన్నా, కొనదలచుకున్నవారికి దొరక్కపోదు. చక్రవర్తి పేరే లేకుండా క్రీస్తు బొమ్మతో వచ్చిన పదకొండవ శతాబ్దపు రాగి నాణేల గురించి చెప్పనక్కరలేదు.

1261 దాటగానే పరిస్థితి మారిపోతోంది. ఎనిమిదవ మిఖాయిల్ కాన్‌స్టాంటినోపుల్‌ను లాటిన్ల నుంచి తిరిగి గెలుచుకున్న ఆ సంవత్సరం మొదలు 1453లో నగరం ఆటోమన్ల వశమయ్యే వరకూ 192 ఏళ్లు. అంతకాలమూ పాలియోలోగోస్ వంశమే ఏలింది, మధ్యలో ఆరవ జాన్ కాంటకుజెనోస్ పాలించిన కొద్ది సంవత్సరాలు తప్ప. టంకశాల కూడా చివరిదాకా పని చేసింది. అయినా వేలం జాబితాల్లో ఈ కాలానికి దక్కే చోటు ఒకటి రెండు పేజీలకు మించడం లేదు. ఈ నాణేలు అసలు తక్కువగానే ముద్రించారా, లేక ముద్రించినవి తర్వాత కరిగిపోయాయా? ఇంకొక వింత ఏమిటంటే, ఏ రాజ్యం నాణేల్లోనైనా బంగారం అరుదుగానూ రాగి విరివిగానూ దొరకడం మనం చూస్తాం, ఇక్కడ మాత్రం ఒక మాదిరి బంగారు నాణెం కంటే ఒక మంచి రాగి నాణెం కనిపించడమే కష్టంగా ఉంది. ఈ తలకిందుల లెక్కకు కారణమేమిటి? చక్రవర్తికి ఒకటి చొప్పున ఈ వంశాన్ని పూర్తి చేయాలన్న నా ఆలోచన ఎంతవరకు సాధ్యమో కూడా తెలిసినవారు చెబితే మేలు చేసినవారవుతారు.

టంకశాల:

పాతనాణెం గారూ, మీ మొదటి ప్రశ్నకు నా సమాధానం సూటిగా చెబుతాను. తక్కువగా ముద్రించారు, ముద్రించినవీ నిలవలేదు. అయితే ఈ రెండింటికీ మూలం ఒకటే. చివరి వందేళ్లలో ఆ రాజ్యం తన సొంత నాణెంతో బతకడం మానేసింది.

బంగారంతో మొదలుపెడదాం. 1092లో మొదటి అలెక్సియోస్ కొమ్నెనోస్ నాణేల వ్యవస్థను కొత్తగా కట్టినప్పుడు వచ్చిన హైపర్‌పైరాన్ అనే బంగారు నాణెం ఇరవైన్నర కేరట్ల వన్నె గలది. 1204లో నాలుగవ క్రూసేడు వాళ్లు నగరాన్ని దోచుకున్న తర్వాత, నికేయాలో ప్రవాస ప్రభుత్వం నడిపిన మూడవ జాన్ వటట్జెస్ కాలానికి అది పదహారు కేరట్లకు దిగింది. నగరం తిరిగి చేజిక్కాక ఎనిమిదవ మిఖాయిల్ పదిహేనుకూ, ఆయన కొడుకు రెండవ ఆండ్రోనికోస్ మొదట పద్నాలుగుకూ ఆ తర్వాత సగానికీ దించారని ఆ కాలపు చరిత్రకారుడు పకిమెరెస్ మెట్టు మెట్టుగా రాసిపెట్టాడు. పద్నాలుగవ శతాబ్దం మొదటి భాగంలో ఫ్లోరెన్స్ వర్తకుడు పెగోలొట్టి తన వ్యాపార కరదీపికలో ఈ నాణెపు పాళ్లు ఇస్తూ, ఇరవైనాలుగింట పదకొండు వంతులు బంగారం, ఆరు వంతులు వెండి, ఏడు వంతులు రాగి అన్నాడు. బంగారు నాణెమన్న పేరే గాని అందులో సగం కూడా బంగారం లేదన్నమాట.

అదే కాలంలో పక్కన ఏం జరుగుతోందో చూడండి. ఫ్లోరెన్స్, జెనోవా నగరాలు 1252లోనే బంగారు నాణేలు మొదలుపెట్టాయి. 1284లో వెనిస్ తన డుకాటును తెచ్చింది. మూడున్నర గ్రాముల బరువు, దాదాపు మేలిమి బంగారం, ఆ తర్వాత కొన్ని శతాబ్దాల పాటు అది బరువూ మార్చుకోలేదు, వన్నే తగ్గించుకోలేదు. నల్లసముద్రపు ధాన్యమో బొచ్చుతోళ్లో కొనడానికి వచ్చిన వర్తకుడు ఏటేటా వన్నె దిగజారే హైపర్‌పైరాన్‌ను దగ్గర ఉంచుకుంటాడా, డుకాటును ఉంచుకుంటాడా? ఆ వర్తకంపై రావలసిన సుంకం సైతం చక్రవర్తికి అందలేదు. బంగారు కొమ్ము (గోల్డెన్ హార్న్) అనే సముద్రపు పాయకు అవతలి ఒడ్డున జెనోవా వాళ్ల గలాటాలో ఏడాదికి రెండు లక్షల హైపర్‌పైరాన్ల సుంకం వసూలవుతుంటే, ఇవతలి ఒడ్డున చక్రవర్తి ఖజానాకు ముప్పై వేలు కూడా సరిగా రావడం లేదని చరిత్రకారుడు గ్రెగోరాస్ వాపోయాడు.

ఆ తర్వాతి కథ వేగంగా సాగుతుంది. 1341లో మొదలైన అంతర్యుద్ధంలో రాజమాత సవోయ్ అన్నా 1343లో కిరీటపు నగలను ముప్పై వేల డుకాట్లకు వెనిస్‌లో తాకట్టు పెట్టింది. అవి మళ్లీ విడిపించుకోలేదు. 1347 నాటి పట్టాభిషేకంలో రాజకుటుంబం ధరించిన కిరీటాల్లో రాళ్లకు బదులు గాజుపూసలు పొదిగారని, విందులో వెండి బంగారు పళ్లేలకు బదులు తగరం, మట్టి పాత్రలు పెట్టారని గ్రెగోరాసే రాశాడు. ఆ వెంటనే ప్లేగు వచ్చింది, 1354లో గలిపోలీ ఆటోమన్ల చేతిలోకి వెళ్లింది. ఐదవ జాన్, ఆరవ జాన్ ఇద్దరి పేర్లతో వచ్చిన హైపర్‌పైరాన్లే చివరివి. 1350ల తర్వాత కాన్‌స్టాంటినోపుల్‌లో బంగారు నాణెం ముద్రించలేదు. కాన్‌స్టంటైన్ కాలం నుంచి వెయ్యేళ్లకు పైగా సాగిన బంగారు నాణేల వరుస అక్కడితో తెగిపోయింది.

నాణెం పోయినా లెక్క మాత్రం పోలేదు. 1436 నుంచి 1440 వరకు కాన్‌స్టాంటినోపుల్‌లో వ్యాపారం చేసిన వెనిస్ వర్తకుడు బదోయెర్ పద్దుల పుస్తకం ఇప్పటికీ ఉంది. అందులో ప్రతి పద్దూ హైపర్‌పైరాన్లలోనూ కేరట్లలోనూ ఉంటుంది. ఆ పేరుగల నాణెం ఎనభై ఏళ్లుగా ఏ టంకశాల నుంచీ బయటకు రాలేదు. ఆయన అంగడిలో కదిలినవి వెండి నాణేలు, డుకాట్లు, అక్చేలనే టర్కుల చిన్న వెండి నాణేలు. కాబట్టి ఆనాటి వ్యాపారమెంతో చూసి నాణేలెన్ని ఉండేవో అంచనా వేయబోతే దెబ్బ తింటాం.

ఇక వెండి. 1367 ప్రాంతంలో ఐదవ జాన్ తెచ్చిన స్టవ్రాటాన్ విలువ లెక్కల హైపర్‌పైరాన్‌లో సగం, బరువు మొదట్లో ఎనిమిదిన్నర గ్రాములు. ఆ రోజుల్లో యూరప్ మొత్తంలో అంత బరువైన వెండి నాణెం మరొకటి లేదంటే ఆశ్చర్యంగానే ఉంటుంది. కాని చక్రవర్తికి వెండి గనులు లేవు. బాల్కన్‌లో వెండి పండే నోవో బర్డో వంటి గనులన్నీ సెర్బు ప్రభువుల చేతిలో ఉండేవి, తర్వాత సుల్తానుల చేతికి పోయాయి. కాన్‌స్టాంటినోపుల్‌లో అచ్చయిన వెండి మరొకరి వెండి నుంచే రావాలి, మళ్లీ మరొకరికే పోవాలి. 1424 ఒప్పందం ప్రకారం చక్రవర్తి సుల్తానుకు ఏటా మూడు లక్షల అక్చేల కప్పం కట్టవలసి వచ్చింది. ఆటోమన్ టంకశాలలో మూసకెక్కిన స్టవ్రాటాన్లు ఎన్ని ఉంటాయో ఊహించుకోండి. నగర జనాభా చివరి నాటికి యాభై వేల దాపుకు పడిపోయింది. పాలన గోడల లోపలికీ, దక్షిణ గ్రీస్‌లోని పెలోపొన్నీసుకూ, ఇటూ అటూ కొన్ని తీర పట్టణాలకూ పరిమితమైంది. అంత చిన్న రాజ్యపు నాణేలు ఆరు వందల ఏళ్ల తర్వాత మన చేతికి రావడమే విశేషం.

బొరుసు:

టంకశాల గారు చెప్పిన కారణాలు 1350 తర్వాతి కాలానికి చక్కగా సరిపోతాయి. కాని 1261 నుంచి 1350 వరకు గడిచిన తొంభై ఏళ్లను కూడా అదే గాటన కట్టడం నాకు సమ్మతం కాదు. ఆ కాలంలో కొరత ఉన్నది కొన్ని నాణేలకే, దాని కారణాలూ వేరు.

రెండవ ఆండ్రోనికోస్, ఆయన కొడుకు తొమ్మిదవ మిఖాయిల్ కలిసి కనిపించే హైపర్‌పైరాన్లు అరుదైనవి కావు. 1320ల మొదట్లో ఆండ్రోనికోస్ పన్నులు పెంచి ఏడాది రాబడిని పది లక్షల హైపర్‌పైరాన్లకు తెచ్చాడని గ్రెగోరాస్ చెబుతాడు. అంతకు ముందే 1303లో వచ్చిన కాటలాన్ కిరాయి సైన్యానికి జీతాలు చెల్లించవలసి వచ్చింది. వన్నె తగ్గించడం వెనుక ఉన్న ఒత్తిడి అదే. వన్నె తగ్గిస్తే అదే బంగారంతో ఎక్కువ నాణేలు వస్తాయి కదా. పాతనాణెం గారు గమనించిన వింతలో సగం ఇక్కడే విడిపోతుంది. మీకు జాబితాల్లో కనిపిస్తున్న ఆ ‘మాదిరి బంగారు నాణేలు’ కరువు కాలంలో విరివిగా గుద్దిన తక్కువ వన్నె నాణేలు. అవి అంత విరివిగా దొరకడమే ఖజానా ఎంత ఇరుకున పడిందో చెబుతోంది.

రాగి సంగతి దీనికి పూర్తిగా భిన్నం. పన్నెండవ శతాబ్దం చివరి ట్రాకీలు అనే గిన్నె ఆకారపు నాణేలు, 1204 తర్వాత లాటిన్లూ బల్గేరియన్లూ వాటిని చూసి చేసిన అనుకరణలు, బల్గేరియా నిక్షేపాల్లో వేల సంఖ్యలో బయటపడ్డాయి. ఇవాళ కిలోల లెక్కన అమ్ముడయ్యేవి అవే. ఎనిమిదవ మిఖాయిల్ కాలానికి వచ్చేసరికి బొమ్మను దాదాపు ఏటా మార్చే పద్ధతి బలపడింది. కాన్‌స్టాంటినోపుల్‌కు ఒక వరుస, థెస్సలోనికాకు ఇంకొక వరుస. రెక్కలు మొలిచిన చక్రవర్తి, నగరపు నమూనాను చేతపట్టుకున్న సెయింట్ దిమిత్రి, నాణెమంతా పరుచుకున్న ఒంటి రెక్క, ఇలా థెస్సలోనికా బొమ్మలు చూస్తుంటే ముద్రలు చెక్కినవాడికి కావలసినంత ఊహాశక్తి ఉండేదనిపిస్తుంది. మొత్తం ట్రాకీల సంఖ్య తక్కువేమీ కాకపోవచ్చు, కాని అది పదుల కొద్దీ రకాలుగా చీలిపోయింది. అందువల్ల ఒక్కొక్క రకానికి మిగిలినవి వేళ్లమీద లెక్కపెట్టేటన్ని, కొన్నింటికి ఒకే ఒక్క నాణెం. రేకు కూడా పలచన. పాత నాణెం మీదే కొత్త ముద్ర గుద్దడం, అంచులు కత్తిరించడం మామూలే. నేలలో పడిన పలచని రాగి ఆరు శతాబ్దాలు నిలవడం కష్టం, నిలిచినా బొమ్మ నిలవదు.

దీనికి మన కాలపు కారణం కూడా ఒకటి తోడవుతుంది, సేకరించేవారు దాన్ని అంతగా పట్టించుకోరు. ఈ నాణేలను సరిగా గుర్తించడం మొదలై ఎంతో కాలం కాలేదు. పాత యూరప్ సేకరణలన్నీ సాలిడస్‌ల మోజుతో పెరిగినవి, వాటిలో గుర్తుపట్టరాని రాగి బిళ్లలకు చోటు లేదు. సైమన్ బెండాల్ వంటి నాణేల పరిశోధకులు 1970ల నుంచి ఒక్కొక్క రకాన్నీ విడదీసి ప్రచురిస్తూ వచ్చారు. వాషింగ్టన్‌లోని డంబార్టన్ ఓక్స్ పరిశోధన సంస్థ సేకరణకు ఫిలిప్ గ్రియర్సన్ కూర్చిన ఈ కాలపు సంపుటం 1999లో గాని రాలేదు. ఇప్పటికీ బల్గేరియా నుంచి వచ్చే ‘గుర్తించని ట్రాకీలు’ అనే మూటల్లో పాలియోలోగోస్ నాణేలు మూగగా పడి ఉంటాయి. కళ్లు అలవాటైనవారికి కొరత కొంత తగ్గుతుందని నా అభిప్రాయం.

పదకొండవ కాన్‌స్టంటైన్ ఉదంతం దీనికి మంచి ఉదాహరణ. 1449 నుంచి 1453 వరకు ఏలిన చివరి చక్రవర్తి ఆయన. ముట్టడి రోజుల్లో సైనికుల జీతాల కోసం చర్చిల వెండి పాత్రలు కరిగించి నాణేలు గుద్దించమన్నాడని, అప్పుడు నగరంలోనే ఉన్న మిటిలీనీ ఆర్చిబిషప్, కియోస్ దీవికి చెందిన లియొనార్డ్ రాశాడు. అయినా ఆయన నాణెం ఒక్కటి కూడా 1974 దాకా ఎవరూ గుర్తించలేదు. ఆ ఏడు బెండాల్ మొదటివాటిని పోల్చి చూపించాడు. ఆ తర్వాత 158 వెండి నాణేల నిక్షేపం ఒకటి బయటపడి, అందులో 90 కాన్‌స్టంటైన్‌వేనని 1991లో ప్రచురితమైంది. వాటిలో ఎక్కువ భాగం స్టవ్రాటాన్‌లో ఎనిమిదో వంతు బిళ్లలు, అర గ్రాముకు కాస్త పైబడిన బరువు, చిటికెన వేలి గోరంత వెడల్పు. బొమ్మ వైపు క్రీస్తు, బొరుసు వైపు చక్రవర్తి, ముఖాలు నాలుగైదు గీతల్లో తేల్చేశారు. ఆ నిక్షేపానికి ముందు వాటిని ‘లేనివి’ అనేవారు. ఇప్పుడు ‘ధర అందనివి’ అంటున్నారు.

పాతనాణెం:

మీ ఇద్దరికీ ధన్యవాదాలు. చర్చ ఇంత దూరం వచ్చింది కనుక, ప్రస్తుతం నాకు ఒక విదేశీ వ్యాపారి చూపించిన నాణెం సంగతి కూడా అడుగుతాను. గిన్నె ఆకారంలో ఉన్న హైపర్‌పైరాన్, బరువు 4.1 గ్రాములు. లోతు వైపున నిలబడిన క్రీస్తు, ఆయనకు అటూ ఇటూ వంగి ఉన్న ఇద్దరు చక్రవర్తులు. పొంగు వైపున కోట గోడల నడుమ చేతులెత్తి ప్రార్థిస్తున్న మేరీమాత. గోడ మీద బురుజుల గుంపులు నాలుగు ఉన్నట్టు కనిపిస్తున్నాయి. క్రీస్తు ముఖం అసలు పడలేదు, అక్షరాలు కుడి వైపు కొద్దిగానే ఉన్నాయి, అంచు రెండు చోట్ల చీలింది. రంగు పాలిపోయిన పసుపు, మన నగల బంగారం పక్కన పెడితే ఇత్తడేమో అనిపిస్తుంది. వ్యాపారి రెండవ ఆండ్రోనికోస్, తొమ్మిదవ మిఖాయిల్ అని రాశాడు. మరో మిత్రుడు మాత్రం మనవడు మూడవ ఆండ్రోనికోస్ కూడా కావచ్చు, అప్పుడు విలువ పెరుగుతుందన్నాడు. నిజానిజాలు తేల్చడం ఎలా?

మేలిమి:

నాణెం చూడకుండా ఖాయంగా చెప్పలేను గాని, మీరిచ్చిన వివరాలను బట్టి వ్యాపారి మాటే నిజమయ్యే అవకాశం ఎక్కువ. కోట గోడల మధ్య మేరీమాత బొమ్మను మొదలుపెట్టింది ఎనిమిదవ మిఖాయిల్, నగరం తిరిగి వచ్చిన సందర్భాన్ని చాటడానికి. ఆయన నాణేలపై బురుజుల గుంపులు ఆరు, బొరుసు వైపు, అంటే లోతు వైపున, ఆయన ఒక్కడే క్రీస్తు ముందు మోకరిల్లి ఉంటే వెనుక నుంచి దేవదూత మిఖాయిల్ ఆయన్ను సమర్పిస్తూ ఉంటాడు. రెండవ ఆండ్రోనికోస్ ఒంటరిగా ఉన్నవాటిలోనూ చక్రవర్తి క్రీస్తు ముందు వంగే ఉంటాడు, దేవదూత ఉండడు. ఇద్దరు చక్రవర్తులూ నాలుగు బురుజులూ కలిసి వచ్చాయంటే మనం 1294 తర్వాతి కాలంలో ఉన్నాం.

తాతామనవళ్లా, తండ్రీకొడుకులా అనేది కుడి వైపు చక్రవర్తి పేరు చదివితే తప్ప తేలదు. తాతా మనవడూ కలిసి ఏలినది 1325 నుంచి 1328 వరకు మాత్రమే. కుడి అంచున పేరు మొదటి అక్షరం ఒక్కటి కనిపించినా చాలు, ‘ఎం’ అయితే మిఖాయిల్, ‘ఏ’ అయితే ఆండ్రోనికోస్. మేరీమాతకు రెండు పక్కలా, కొన్నింటిలో బొరుసు వైపు కూడా, చిన్న అక్షరాలో చుక్కలో ఉంటాయి. టంకశాల అధికారుల గుర్తులవి. జంటగా వచ్చే ఆ గుర్తులను ప్రచురితమైన జాబితాలతో పోల్చి చూడండి. అక్షరం కనబడకుండా విలువ పెంచి చెప్పేవారి మాటకు డబ్బు పెట్టకండి.

ముఖం పడకపోవడం, అంచు చీలడం అనుమానించవలసిన లక్షణాలు కావు. గిన్నె ఆకారపు నాణేన్ని ముద్ర వంచి వంచి రెండు దెబ్బల్లో కొట్టేవారని చాలామంది భావిస్తారు. ఆ రెండు దెబ్బలూ సరిగా కలవకపోతే నడి భాగం చదునవుతుంది, బొమ్మ రెండుగా కనిపిస్తుంది. ఆండ్రోనికోస్ కాలం నాటికి పనివాళ్లు ఇంకా తొందరపడ్డారు. నిజం చెప్పాలంటే అన్ని వైపులా చక్కగా దిగిన హైపర్‌పైరాన్ కనిపిస్తేనే నేను రెండుసార్లు తిప్పి చూస్తాను. మూసలో పోసిన నకిలీకి అంచున సన్నని అతుకు గీత, ఉపరితలంపై బుడగల గుంటలు ఉంటాయి. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం చాలు.

రంగు గురించి కంగారు పడవద్దు, ఆ మిశ్రమానికి ఆ రంగే సరైనది. కాకపోతే వన్నె పరీక్ష విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. నగల దుకాణంలో ఎక్స్‌రే యంత్రం కింద పెడితే అది పై పొరను మాత్రమే చదువుతుంది. నేలలో పడి ఉన్నంతకాలమూ పై పొరలోని రాగి, వెండి కొంత కరిగిపోతాయి, బంగారం మిగులుతుంది, కనుక యంత్రం అసలు వన్నె కంటే ఎక్కువే చూపిస్తుంది. పద్నాలుగు కేరట్లని వస్తే పన్నెండు ఉండవచ్చునని అనుకోవాలి. ఇరవై రెండు చూపిస్తే మాత్రం ఆ నాణెం వద్దు. ఈ కాలపు హైపర్‌పైరాన్‌కు అంత మేలిమి ఉండదు. నీటిలో తూచి సాంద్రత కనుక్కొనే పద్ధతి దీనికన్నా నమ్మదగింది, అయితే గిన్నె లోతులో గాలి బుడగ చేరితే లెక్క తప్పుతుంది. నాణేన్ని నిలువుగా దారానికి కట్టి ముంచండి.

వరహా:

నాణెం బయటి నుంచి తెప్పించుకోబోతున్నారు కాబట్టి ఒక్క మాట. మన దక్కనులోనూ దక్షిణాన ఇతర చోట్లా దొరికిన తూర్పు రోమన్ బంగారు నాణేలు ఎక్కువగా ఐదు, ఆరు శతాబ్దాలవి. కర్ణాటకలోని అక్కి ఆలూరు నిక్షేపం అందులో ప్రసిద్ధమైనది. ఇక్కడ దొరికిన సాలిడస్‌లలో చాలావాటికి చక్రవర్తి తలపైన జంట రంధ్రాలు ఉంటాయి, మెడలో వేసుకోవడానికి పొడిచినవి. పాలియోలోగోస్ కాలానికి ఆ వర్తకం అంతా ఎప్పుడో చేతులు మారింది. అందువల్ల ‘మా ఊరి పొలంలో దొరికింది’ అంటూ ఎవరైనా హైపర్‌పైరాన్ చూపిస్తే నమ్మవలసిన పని లేదు, నిజంగా దొరికినదైతే 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి.

దిగుమతికి సుంకం ఎంత పడుతుందో పార్సిల్ బయలుదేరక ముందే కస్టమ్స్ వారిని గాని, అనుభవమున్న ఏజెంటును గాని అడిగి తెలుసుకోండి. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి. వందేళ్లు దాటిన నాణెం మన దేశంలో 1972 పురావస్తు చట్టం కింద పురావస్తువు అవుతుంది, అది ఏ దేశపు నాణెమైనా సరే. ఒకసారి లోపలికి వచ్చాక తిరిగి పంపడం సొంత ఇష్టం మీద జరిగేది కాదు. ‘నచ్చకపోతే ముప్పై రోజుల్లో వాపసు’ అని వ్యాపారి ఇచ్చే హామీ మనకు కాగితం మీదే ఉంటుంది. కాబట్టి మేలిమి గారు చెప్పిన పరీక్షలన్నీ నాణెం అక్కడ ఉండగానే, నమ్మకమైన మూడో మనిషి చేత చేయించండి. అమెరికాలో ఉన్న మనవాళ్ల ద్వారా కొనేవారు కూడా గమనించాలి. గ్రీస్, బల్గేరియా, టర్కీ దేశాలతో అమెరికాకు పురావస్తువుల దిగుమతి ఒప్పందాలు ఉన్నాయి, వాటి జాబితాల్లో నాణేలు కూడా చేరాయి. పాత వేలంలో అమ్ముడైన రుజువు ఉన్న నాణేనికి కాస్త ఎక్కువ పెట్టినా నష్టం లేదు. నిజానికి ఈ నిబంధనల వల్ల పాత రుజువులున్న నాణేల కొరత ఇంకా పెరిగింది.

టంకశాల:

బొరుసు గారి సవరణ న్యాయమైనదే. 1350కి ముందు, తర్వాత అని విడదీసి చూడాలి. అయితే ‘కళ్లు అలవాటైతే కొరత తగ్గుతుంది’ అన్న మాట రాగికి చెల్లినట్టు వెండికి చెల్లదు. స్టవ్రాటాన్ ఏ మూటలోనూ మూగగా పడి ఉండదు, దాని బరువే దాన్ని పట్టిస్తుంది.

ఇక పాతనాణెం గారి చివరి ప్రశ్న మిగిలింది. చక్రవర్తికి ఒకటి చొప్పున అంటే ఎంతవరకు సాధ్యమన్నది, నేను చూసినంతలో ఇలా ఉంటుంది. ఎనిమిదవ మిఖాయిల్‌కు ట్రాకీ తేలిక, హైపర్‌పైరాన్ ఖరీదైనదే గాని దొరుకుతుంది. రెండవ ఆండ్రోనికోస్, తొమ్మిదవ మిఖాయిల్ మీ చేతికందే దూరంలోనే ఉన్నారు. వారికి హైపర్‌పైరాన్‌తో పాటు బాసిలికాన్ కూడా చూడండి. 1304 ప్రాంతంలో వెనిస్ వెండి డుకాటు పోలికలో తెచ్చిన బల్లపరుపు నాణెమది, రెండు గ్రాముల పైచిలుకు. కాటలాన్ దండుతో వచ్చిన ముంటానెర్ దీన్ని వెనిస్ నాణేనికి నకలు అంటూ, దాని విలువ గురించి నానా మాటలూ అన్నాడు. పోలిక ఎంత దగ్గరంటే, కొత్తవారు సింహాసనం మీద కూర్చున్న క్రీస్తును చూసి వెనిస్ నాణెమనే పక్కన పెడతారు. ఈ కాలంలో తక్కువ ధరకు మంచి నాణెం దొరికే మూల అదొక్కటే అని నేననుకుంటాను.

మూడవ ఆండ్రోనికోస్ ఒంటరిగా ఉన్న హైపర్‌పైరాన్ చాలా అరుదు, కనుక ఆయనకు తాతతో కలిసి ఉన్న బాసిలికాన్‌తో తృప్తి పడాలి. ఆయన మరణం తర్వాత వచ్చిన ఒక హైపర్‌పైరాన్ మాత్రం మీరు వెతకదగింది. ఒక వైపు చనిపోయిన ఆండ్రోనికోస్ క్రీస్తు ముందు మోకరిల్లి ఉంటాడు, రెండో వైపు భార్య అన్నా, బాల చక్రవర్తి ఐదవ జాన్ నిలబడి ఉంటారు. నగలు తాకట్టుకు పోయిన ఆ అంతర్యుద్ధపు ప్రభుత్వమే దాన్ని గుద్దించింది. ముగ్గురికీ అది ఒక్కటే సరిపోతుంది. ఆరవ జాన్ దగ్గర ఓపిక పట్టాలి.

ఆ తర్వాత తండ్రి మీద తిరగబడి 1376 నుంచి 1379 వరకు ఏలిన నాలుగవ ఆండ్రోనికోస్, 1390లో కొద్ది నెలలే గద్దె మీద ఉన్న ఆయన కొడుకు ఏడవ జాన్, వీరిద్దరి వెండి పెద్ద మ్యూజియంలకే కొరత. వాళ్ల కోసం మిగతా వరుస ఆపకండి. రెండవ మాన్యుయెల్, ఎనిమిదవ జాన్ స్టవ్రాటాన్లు గాని, అర స్టవ్రాటాన్లు గాని తరచు వేలానికి వస్తాయి. ఐదవ జాన్ నాటి ఎనిమిదిన్నర గ్రాముల బరువు వీరి కాలానికి ఏడు గ్రాముల దాపుకు జారింది. మీరు వాటిని కొనేటప్పుడు మాత్రం క్రీస్తు ముఖం కంటే చక్రవర్తి వైపు చుట్టూ ఉన్న అక్షరాల మీద దృష్టి పెట్టండి. అవి రెండు వలయాలుగా ఉంటాయి. ఎనిమిదవ జాన్ నాణెం మీద బయటి వలయంలో ‘జాన్ ప్రభువు, పాలియోలోగోస్’ అనీ, లోపలి వలయంలో ‘దేవుని దయ వల్ల రోమన్ల చక్రవర్తి’ అనీ ఉంటుంది. రేకు చిన్నదై ముద్ర పెద్దదైనందున బయటి వలయం సగం అంచు బయటకే పోయిన నాణేలే ఎక్కువ. చక్రవర్తి పేరు ఉండేది ఆ బయటి వలయంలోనే, మాన్యుయెల్‌నూ జాన్‌నూ వేరు చేసేది కూడా అదే. అందువల్ల పేరు మొదటి మూడు నాలుగు అక్షరాలు నిండుగా పడిన నాణేన్ని, ముఖం కాస్త అరిగినా సరే, ఎంచుకోండి.

కాన్‌స్టంటైన్ గడి సంగతి మీ బడ్జెట్‌కే వదిలేస్తున్నాను. కొనదలిస్తే 1991లో ప్రచురితమైన ఆ నిక్షేపంలోని నాణేమని రుజువు చూపగలిగినవారి దగ్గరే కొనండి. ముద్రలన్నీ అందులో ఫోటోలతో నమోదయ్యాయి కనుక, మీ ముందుకు వచ్చిన బిళ్ల అదే ముద్ర నుంచి వచ్చిందా లేదా అన్నది ఫోటో పక్కన పెట్టి పోల్చుకోవచ్చు.